ఏడు దీర్ఘాలు

మా ఊళ్ళో లుక్యాన్‌ని తిట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఇరవై రెండేళ్ళు వెతికి చూశాను కాబట్టి చెబుతున్నాను.

మేమిద్దరం రైలు పెట్టెలు బాగుచేసే షెడ్డులో కలిసి పనిచేశాం. ఇద్దరమూ రష్యన్లమే, ఇద్దరమూ లాత్వియాలోనే పుట్టాం. అయినా దేశం విడిగా నిలబడ్డ రోజున మా ఇద్దరికీ ఒకే గౌరవం దక్కలేదు. లుక్యాన్ పూర్వీకులు మూడు వందల ఏళ్ళ కిందట పాత చర్చి ఆచారం వదులుకోలేక రష్యా విడిచి ఈ చెరువుల మధ్యకు వచ్చి స్థిరపడ్డారు. అందుకని వాడికి అడగకుండానే పౌరసత్వం ఇచ్చారు. మా నాన్న రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రైల్వే ఉద్యోగం మీద వచ్చాడు. అందుకని నాకు ‘పౌరుడు కాదు’ అని రాసిన పాస్‌పోర్టు ఇచ్చారు. దాన్ని మార్చుకోవడానికి ముప్ఫై తొమ్మిదో ఏట లాత్వియన్ భాషలో పరీక్ష రాశాను. నా భార్య అనెలె వాళ్ళమ్మది ఇక్కడి జాతే. వంటింట్లో రెండేళ్ళు కూర్చోబెట్టి అనెలె నాకు ఆ భాష నేర్పింది. ఒక్క తప్పు లేకుండా నెగ్గాను.

లుక్యాన్‌కి మాత్రం ఆ భాషలో రొట్టె కొనుక్కోవడం, నమస్కారం పెట్టడం తప్ప ఏమీ రాదు. వాడు పౌరుడు. మొదటి కుళ్ళు అక్కడే మొదలైందేమో.

రెండు వేల ఒకటిలో మా ఊళ్ళో పార్టీ శాఖ పెట్టాం. దాని పేరులో ఎక్కడా రష్యన్ అన్న మాట ఉండదు గానీ ఊరంతా రష్యన్ల పార్టీ అనే అంటారు. మా పిల్లల బడులు మా భాషలో ఉండనివ్వమని, నా పాత పాస్‌పోర్టులాంటివి ఉన్నవాళ్ళకి కనీసం ఊరి ఎన్నికల్లోనైనా ఓటు ఇవ్వమని అడిగేవాళ్ళం. చెప్పులు కుట్టే దుకాణం పైన మూడో అంతస్తులో ఒక గది. నేను కార్యదర్శిని. అర్జీలు, తీర్మానాలు, రాజధాని రీగాలోని పెద్దలకు ఉత్తరాలు, అన్నీ నా చేత్తో రాసినవే. లుక్యాన్ కుర్చీలు మోసేవాడు. మెట్లెక్కి వచ్చిన ముసలివాళ్ళకి టీ పెట్టి ఇచ్చి, వాళ్ళు చెప్పింది వినేవాడు. అంతే.

రెండు వేల పదమూడు పురపాలక ఎన్నికల్లో మా జాబితాలో నా పేరు మొదటిది, లుక్యాన్‌ది ఆరోది. ఇక్కడ జాబితాకి ఓటేసేటప్పుడు నచ్చిన పేరు పక్కన కూడిక గుర్తు పెట్టొచ్చు, నచ్చని పేరు కొట్టేయొచ్చు. మాకు రెండు స్థానాలొచ్చాయి. లెక్క తేలేసరికి కూడిక గుర్తులతో లుక్యాన్ అందరికంటే పైకి వెళ్ళి కూర్చున్నాడు. రెండో స్థానం మందుల షాపావిడకి. నేను మూడో వాణ్ణయ్యాను.

“ఒరేయ్ సవేలీ, ఇదేదో పొరపాటు జరిగుంటుంది. నాకు అక్కడేం పనిరా? నాకు వాళ్ళ భాషే రాదు!” అన్నాడు లుక్యాన్ ఆ రోజు, నిజంగానే బెదిరిపోయి.

“జనం కోరుకున్నారు. కూర్చో,” అన్నాను. నవ్వాననే గుర్తు.

పురపాలక సభలో లాత్వియన్‌లోనే మాట్లాడాలి. కాబట్టి సమావేశానికి ముందు లుక్యాన్ మా ఇంటికి వచ్చేవాడు. వాడు ఏం చెప్పాలనుకున్నాడో రష్యన్‌లో చెబితే నేను లాత్వియన్‌లోకి మార్చి, వాడు చదవగలిగేలా రష్యన్ అక్షరాలతో రాసిచ్చేవాణ్ణి. రష్యన్ లిపిలో దీర్ఘానికి గుర్తు లేదు. లాత్వియన్‌లో దీర్ఘం లేకపోతే మాటే మారిపోతుంది. అందుకని సాగదీయాల్సిన ప్రతి అక్షరం మీదా ఎర్ర పెన్నుతో ఒక చిన్న అడ్డగీత పెట్టేవాణ్ణి. గీత ఉంటే సాగదియ్యి, లేకపోతే సాగదియ్యకు. పదేళ్ళు అలా రాశాను.

వాడు బాగా చదివేవాడు. అదే నాకు ఒళ్ళు మండించేది. గొంతు బొంగురుగా, నెమ్మదిగా, ఎవరో ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు చదివేవాడు. లాత్వియన్ సభ్యులు కూడా తలెత్తి వినేవాళ్ళు. ఒకసారి ఊరి పత్రికలో వాడి ఫోటో కింద ఒక వాక్యం పెద్ద అక్షరాలతో వేశారు. ఆ వాక్యం నాది. దాని కోసం ఆ రోజు నేను నాలుగు కాగితాలు చించి పారేశాను. సంతలో పొగబెట్టిన చేపలమ్మే ఆవిడ ఆ పత్రిక చూసి, తండ్రి పేరు కూడా కలిపి గౌరవంగా, “మా లుక్యాన్ యెవ్సేయిచ్ ఎంత బాగా చెప్పాడండీ!” అని వాడి సంచిలో పెద్ద చేపని వేసింది. పక్కనే నేనూ ఉన్నాను. నన్ను చూసి, “మీకేం కావాలి?” అంది.

ఇంట్లోనూ అదే వరస. అనెలె బంగాళాదుంప అట్లు వేస్తే అంచులు బాగా వేగినవి పక్కకి తీసి పెట్టేది. లుక్యాన్ వస్తాడుగా అనేది. వాడు భార్య పోయినవాడు, ఎవరు వండిపెడతారు, నిజమే. కానీ వాడు చెప్పే పాత షెడ్డు కబుర్లకి అనెలె భుజం మీది వంటగుడ్డ జారిపోయేంతగా నవ్వేది. అవే కబుర్లు నేనూ ఆమెకి చెప్పి ఉన్నాను. అప్పుడు నవ్వలేదు.

తర్వాత రష్యా పక్క దేశం మీదికి యుద్ధానికి వెళ్ళింది. రీగాలో మా నాయకులు దాన్ని తప్పు అన్నారు. మా గదిలో మీటింగు పెడితే సగంమంది “అమ్ముడుపోయారు” అని అరిచారు, మిగతా సగం “ఇంత మెల్లగానా అనేది?” అని అరిచారు. నేను మూడు పేజీల తీర్మానం రాసుకుని వెళ్ళాను, అందరికీ సర్దిచెప్పేలా. రెండో పేరా దగ్గరే నా గొంతు ఎవరికీ వినిపించలేదు. అప్పుడు లుక్యాన్ లేచి, “జనాన్ని చంపడం తప్పు. ఈ ముక్క చెప్పడానికి నాకు ఏ పార్టీ తీర్మానమూ అక్కర్లేదు. టీ చల్లారిపోతోంది, తాగండి,” అన్నాడు. తిట్టుకుంటున్నవాళ్ళు కూడా గ్లాసులు అందుకున్నారు. నా మూడు పేజీలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

అయినా పార్టీ నిలవలేదు. అరవై నాలుగు మంది సభ్యులం, ఆ ఏడాది చివరికి పదకొండు మందిమి మిగిలాం. అక్టోబరులో చట్టసభ ఎన్నికల్లో సీటు దక్కడానికి కావాల్సిన ఐదు శాతం కూడా రాలేదు. రీగాలో మా వాళ్ళకి ఒక్క సీటూ లేదు. మందుల షాపావిడ అంతకుముందు ఏడాది ఎన్నికల్లోనే ఓడిపోవడంతో మా ఊరి సభలో లుక్యాన్ ఒక్కడు మిగిలాడు. జాబితాలో వాడి వెనకాల నేను.

మరుసటి ఏడాది మార్చి ఎనిమిదిన లుక్యాన్ మా ఇంటికి వచ్చాడు. ఊరి సాంస్కృతిక భవనంలో పెళ్ళిళ్ళు చేసే హాలుకి వెచ్చగా ఉంచే ఖర్చు ఎక్కువవుతోందని మూసేస్తామంటున్నారు, దాని గురించి మాట్లాడాలి. మహిళా దినోత్సవం కదా, వాడి చేతిలో పసుపు తులిప్ పూలున్నాయి.

“అనెలె, ఇవి నీకు. షాపులో చివరి గుత్తి. ఒక సైనికుడితో పోట్లాడి తెచ్చాను,” అన్నాడు.

“అబద్ధాలకోరు,” అంది అనెలె. పూలలో ముఖం పెట్టి వాసన చూసింది. నేను సాయంత్రం కొందామనుకున్నాను. ఆ మాట ఇప్పుడు అంటే ఎవరు నమ్ముతారు?

“సవేలీ, నువ్వేం తెచ్చావేమిటి?” అన్నాడు వాడు సరదాగా.

“తనా? కాగితం, పెన్ను తెస్తాడు,” అంది అనెలె. ఇద్దరూ నవ్వారు.

నేను రాయడానికి కూర్చున్నాను. లాత్వియన్‌లో పెళ్ళిళ్ళని కాజస్ అంటారు. కజస్ అంటే మేకలు. తేడా ఒక్క దీర్ఘం. ఆ ప్రసంగంలో ఆ మాట ఏడు చోట్ల వచ్చింది. మొదటి చోట ఎర్ర పెన్ను అక్షరం మీదికి తెచ్చి ఆగాను. పొయ్యి దగ్గర వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. తక్కిన గీతలన్నీ పెట్టాను. ఆ ఏడూ పెట్టలేదు.

“అయిందా?” అన్నాడు లుక్యాన్.

“అయింది. బాగా ఒత్తి చదువు,” అన్నాను.

మర్నాడు సభలో ప్రేక్షకుల వరసలో కూర్చున్నాను. లుక్యాన్ కోటు సర్దుకుని లేచి చదివాడు. “యాభై ఏళ్ళుగా మన ఊరి మేకలన్నీ ఈ హాలులోనే జరిగాయి. నా మేక కూడా ఇక్కడే జరిగింది.” ఎవరో కిసుక్కుమన్నారు. తనని చూసి ఆప్యాయంగా నవ్వుతున్నారనుకుని వాడూ నవ్వాడు. “రష్యన్ల మేకలు, లాత్వియన్ల మేకలు అని ఇక్కడ తేడా లేదు. మేకలు లేని ఊరు ఊరు కాదు.” అధ్యక్షుడు ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వెనక వరసలోంచి ఎవరో మేకలా అరిచారు. వాడి నవ్వు పోయింది. అయినా ఆపలేదు. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చివరి మేక దాకా చదివి కూర్చున్నాడు.

ఆ ఏడుసార్లలో మొదటి రెండుసార్లు నాకు హాయిగా అనిపించింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. మూడోసారి నుంచి కాదు.

బయట మెట్ల మీద వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. “ఏమన్నానురా నేను?”

చెప్పాను.

“నా నాలుక మొద్దుది. నువ్వు అంత కష్టపడి రాసిస్తే పాడు చేశాను,” అన్నాడు. కాగితాన్ని చించి చెత్తబుట్టలో వేశాడు.

సభలో ఎవరో తీసిన వీడియోని వారంలో దేశమంతా చూసింది. ఎవరో ఫిర్యాదు పెట్టారు. ఎన్నికైన సభ్యుడికి ప్రభుత్వ భాష రావాలన్నది చట్టం. భాష పరీక్షించే అధికారులు వచ్చి వాడితో అరగంట మాట్లాడారు. ఒకావిడ మర్యాదగానే, “మీ ప్రసంగాలు ఎవరు రాస్తారు?” అని అడిగిందట.

“ఏం చెప్పావు?” అన్నాను నేను.

“నేనే రాసుకుంటానన్నాను. నమ్మలేదులే. అయినా నీ పేరెందుకు లాగాలి? నువ్వు పరీక్ష రాసి పాస్‌పోర్టు తెచ్చుకున్నవాడివి. వాళ్ళతో నీకు తలనొప్పి ఎందుకు?”

శరదృతువులో కోర్టు వాడి సభ్యత్వం తీసేసింది. జాబితాలో తర్వాతి పేరు నాది. యాభై మాటల ప్రమాణం కాగితం చూడకుండా చదివాను. నా మొదటి ప్రసంగంలో ఒక్క తప్పూ లేదు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఫోను మీంచి తలెత్తనూ లేదు.

జనం మాత్రం లుక్యాన్ ఇంటి గేటు దగ్గరికే వెళ్ళేవాళ్ళు. వాడు వాళ్ళ కష్టం విని నా దగ్గరికి వచ్చేవాడు. “సవేలీ, తోటల వీధిలో ఉస్తీన్యా ఇంటికి నీళ్ళ పైపు గడ్డకడుతోంది. నువ్వు అడగాలిరా.” నేను అడిగి, అర్జీ రాసి, మూడుసార్లు తిరిగి ఆ పైపు మార్పించాను. ఉస్తీన్యా ఊరబెట్టిన దోసకాయల సీసా పట్టుకెళ్ళి లుక్యాన్‌కి ఇచ్చింది. వాడు అందులో సగం తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. నేను ముట్టుకోలేదు. కుర్చీ నాకొచ్చినా వాడి దగ్గరున్నదేదో నాకు రాలేదు. అది ఏమిటో తెలిస్తే అదీ లాక్కునేవాణ్ణేమో.

అనెలెకి తెలిసిపోయింది. వీడియో చూసిన రోజునే ఫోను బల్ల మీద పెట్టి నన్ను చూసింది.

“నువ్వు కూరగాయల చీటీలో కూడా గీతలు పెడతావు.”

“తొందరలో మర్చిపోయి ఉంటాను.”

“ఏడుసార్లా?”

నేను ఫోను బోర్లా తిప్పి పెట్టాను. “వెళ్ళి వాడికి చెప్పు,” అంది. చెప్పలేదు. నెలలు గడిచాయి. నేను ప్రమాణం చేసిన వారానికి ఆమె లుక్యాన్‌ని పిలిచి, “మంగళవారం, గురువారం వచ్చి కూర్చో. నీకు లాత్వియన్ నేను నేర్పుతాను,” అంది.

“అరవై మూడేళ్ళకా?”

“వచ్చేటప్పుడు నోటుపుస్తకం తెచ్చుకో.”

నేను సభ నుంచి ఇంటికి వచ్చేసరికి నా కుర్చీలో వాడుండేవాడు, ఒకప్పుడు నేను నేర్చుకున్న అదే పాత పుస్తకం ముందు పెట్టుకుని. తప్పు చదివితే అనెలె వాడి వేళ్ళ మీద గరిటెతో చిన్నగా కొట్టేది. నాకు నేర్పేటప్పుడు ఎప్పుడూ కొట్టలేదు. నా తప్పులు అంత ముద్దుగా ఉండేవి కావు కాబోలు. కోటు విప్పుతూ గుమ్మంలో నిలబడి వినేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఒక గురువారం నేను వచ్చేసరికి వంటిల్లు నిశ్శబ్దంగా ఉంది. అనెలె పొయ్యి వైపు తిరిగి నిలబడింది. లుక్యాన్ నోటుపుస్తకంలో రెండు మాటలు ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి. పైదాని మీద గీత ఉంది, కింద దాని మీద లేదు.

“కూర్చో,” అన్నాడు లుక్యాన్.

కూర్చున్నాను.

“నువ్వు గీత పెడితే నేను సాగదీస్తాను. పదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ రోజు కాగితం నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. ఆ మాట మీద గీత లేదురా.”

“లేదు.”

“మర్చిపోయావా?”

వాడు నాకు దారి చూపించాడు. అవునంటే సరిపోయేది, వాడు నమ్మేవాడు. నమ్మాలనే అడిగాడు. ఆ మంచితనం కూడా నాకు భరించరానిదిగా అనిపించింది.

“మర్చిపోలేదు,” అన్నాను.

“మరి?”

“నా మాటలు నువ్వు చదివితే జనం నీకు చప్పట్లు కొట్టారు. నా ఇంట్లో నీకోసం అట్లు తీసిపెట్టారు. నేను మొదట ఉంటే ఆరో చోటు నుంచి నువ్వు పైకి వచ్చావు. నీకు పాస్‌పోర్టు ఊరికే వచ్చింది. నువ్వు ఏదీ అడగలేదు, అన్నీ నీకే వచ్చాయి. నేను అన్నీ అడిగాను.” నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. “ఒక్కసారి నిన్ను చూసి జనం నవ్వాలనుకున్నాను. సీటు పోతుందనుకోలేదు. పోయాక నాకు బాధ వెయ్యలేదు కూడా.”

లుక్యాన్ పెన్నుకి మూత పెట్టాడు. “నా భార్య పోయిన ఏడాది, నువ్వు రోజూ నాతో చెరువు దాకా నడిచేవాడివి. అప్పుడు కూడా ఇలాగే ఉందా నీకు లోపల?”

“అప్పుడు లేదు.”

“అబద్ధం చెప్పట్లేదు కదా?”

“లేదు.”

“సరే,” అన్నాడు. నోటుపుస్తకం మూసి కోటు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర టోపీ రెండుసార్లు జారింది. “అనెలె, మంగళవారం లైబ్రరీలో కూర్చుందాం. ఇక్కడికి రాలేను,” అని వెళ్ళిపోయాడు.

ఆ నెలంతా అనెలె నాతో రష్యన్‌లో మాట్లాడలేదు. లాత్వియన్‌లోనే, అదీ ఉప్పు, తలుపు, మందుబిళ్ళ వరకే.

లుక్యాన్ ఏడాది చదివాడు. మొదటిసారి పరీక్ష తప్పాడు. రెండోసారి, మొన్న శీతాకాలంలో, నెగ్గాడు. ఊరంతా పండగ చేసుకుంది. సంతలో చేపలావిడ కన్నీళ్ళు పెట్టుకుందట. నేను నెగ్గిన రోజు అనెలె, నేను పావు కేకు కోసుకుని తిన్నాం, అంతే.

వసంతంలో కొత్త ఎన్నికల జాబితా వెయ్యడానికి మూడో అంతస్తు గదిలో తొమ్మిదిమంది కూడాం. ఉన్న సభ్యుణ్ణి కాబట్టి మొదటి పేరు నాదే ఉండాలని రీగా నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం చదివి వినిపించాల్సినవాణ్ణీ నేనే. చదివాను. తర్వాత మేకల సంగతి మొత్తం చెప్పాను. చెప్పకపోతే అనెలె నన్ను వదిలేస్తుందని భయపడి చెప్పానో, నా అంతట నేనే చెప్పానో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఉస్తీన్యా లేచి, “మన భాష కోసం పెట్టుకున్న పార్టీలో కూర్చుని, భాష రాదని మనవాడినే పట్టించావా? థూ, సవేలి గొర్దేయిచ్,” అంది.

“వీణ్ణి తీసెయ్యండి,” అన్నాడు ఇంకొకాయన.

లుక్యాన్ కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు. “ఉంచండి. చివర ఉంచండి,” అన్నాడు. “తీసేస్తే ఎనిమిదిమందిమే అవుతాం.”

జూన్‌లో మా జాబితాకి ఒకే ఒక్క స్థానం వచ్చింది. అది లుక్యాన్‌దే. వాడు సభలో తన మాటలు తనే పలికాడు, నెమ్మదిగా, విభక్తులన్నీ విరగ్గొట్టుకుంటూ. అనెలె ముందు వరసలో కూర్చుని పెదవులు కదుపుతూ వాడితోబాటు పలికింది. సంతోషించాలని వెళ్ళాను. సంతోషం రాలేదు. ఆ రెండో వాక్యాన్ని నేనైతే ఎంత బాగా రాసేవాణ్ణో అనుకుంటూ కూర్చున్నాను.

ఆకులు రాలే కాలానికి రీగా ఆఫీసు మా గదిని ఖాళీ చెయ్యమంది. ఊళ్ళలో శాఖలు నడిపే ఓపిక పార్టీకి ఇక లేదు. ముసలివాళ్ళు కుర్చీలు తలా ఒకటి పట్టుకెళ్ళారు. బరువైన ఓక్ బీరువా మిగిలింది. దాన్ని మొయ్యగలిగినవాళ్ళం మేమిద్దరమే.

లుక్యాన్ కింది వైపు పట్టుకున్నాడు, నేను పై వైపు. ఏడాదిన్నరలో మొదటిసారి వాడు నాతో మాట్లాడాడు.

“ఎత్తు.”

“ఎత్తాను.”

“మలుపు. నీ వైపు గోడ తగుల్తోంది. కొంచెం వంచు.”

“నీ నడుము జాగ్రత్త.”

“నా నడుము సంగతి నీకెందుకు? మెట్టు చూసుకో.”

మూడు అంతస్తులు దిగేసరికి ఇద్దరికీ ఊపిరాడలేదు. వీధిలో బీరువాని దించి దానికి చెరోవైపు ఆనుకుని నిలబడ్డాం. వాడు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఏదైనా అంటాడేమోనని చూశాను. అవతలి వీధిలోంచి ఎవరో “లుక్యాన్ యెవ్సేయిచ్! ఒక్క నిమిషం!” అని పిలిచారు. వాడు రుమాలు మడిచి జేబులో పెట్టుకుని అటు నడిచాడు. అప్పటికే అక్కడ ముగ్గురు చేరారు. వాడి చుట్టూ నిలబడి ఒకరి తర్వాత ఒకరు ఏదో చెబుతున్నారు, వాడు తల ఊపుతూ వింటున్నాడు.

బండి వచ్చేదాకా నేను బీరువాకి కాపలాగా నిలబడ్డాను. వాళ్ళ వైపు చూడకూడదనుకున్నాను. చూస్తూనే ఉన్నాను.